రోబో పోటీలు: జట్టు ఖర్చు ఎవరిది?

అమెరికాలో హైస్కూలు చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో సంక్రాంతి పిండివంటలకు ముందే రోబో పోటీల హడావుడి మొదలవుతున్నది. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థ 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో జరిపిన తొలి పోటీలో పాల్గొన్నవి 28 జట్లు. నేడు ఆ హైస్కూలు పోటీ ఒక్కదానిలోనే మూడువేలకు పైగా జట్లున్నవి. వీటివల్ల పిల్లలకు కలిగే మేలు గురించి వివాదం లేదు. వివాదమల్లా ఖర్చు గురించే, అదైనా “మా అబ్బాయికి ఎంత కట్టాలి?” అన్న ప్రశ్నతోనే ఆగిపోతున్నది.

ఆ ప్రశ్న చాలదు. ఇటీవలి సంవత్సరాలలో ఈ పోటీకి జట్టు ప్రవేశ రుసుమే ఆరువేల డాలర్ల ప్రాంతంలో ఉన్నది. యంత్రపు ఖర్చు దానికి అదనం. 2023 నాటి నియమావళి ఏ ఒక్క విడిభాగం ధరా 600 డాలర్లు మించరాదన్నదే గాని, మొత్తం యంత్రం ఖర్చుకు హద్దు పెట్టలేదు. నాలుగు చక్రాలను నాలుగు దిక్కులకు తిప్పగల అమరిక కావాలంటే మోటార్లే ఎనిమిది కావాలి. బ్యాటరీల సంగతి మరీ విచిత్రం. ఆట సుమారు రెండున్నర నిమిషాలే అయినా, ఆ కాసేపట్లో మోటార్లన్నీ కలిసి వందకు పైగా ఆంపియర్లు లాగగలవు. సీసం–ఆమ్లపు బ్యాటరీని ఇలా పదేపదే ఖాళీ చేసి, వెంటనే ఛార్జి చేయకుండా వదిలివేస్తే, పలకల మీద సీసపు సల్ఫేటు స్ఫటికాలుగా గట్టిపడి మళ్ళీ కరగదు. బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోతుంది. డబ్బున్న జట్టు ఏటేటా కొత్త బ్యాటరీలు కొంటుంది. లేని జట్టు పాతవాటితోనే బరిలోకి దిగి, చివరి అరనిమిషంలో యంత్రం నీరసిస్తే తన ప్రోగ్రాములో దోషం వెదుక్కుంటుంది. గెలుపు సాధించి హ్యూస్టన్‌లో జరిగే ప్రపంచ పోటీకి అర్హత పొందితే సంతోషంతో పాటు మరొక రుసుము, విమానాలు, హోటళ్ళు.

ఈ భారం ఎవరు మోయాలన్నదానికి కాలిఫోర్నియాలో న్యాయస్థానమే ఒక సమాధానం చెప్పినది. ప్రభుత్వ పాఠశాలలు పాఠ్యేతర కార్యక్రమాలకు సైతం విద్యార్థుల నుండి రుసుము వసూలు చేయరాదని 1984లో, హార్ట్‌జెల్ వర్సెస్ కానెల్ వ్యాజ్యంలో, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. బీద పిల్లలకు మినహాయింపు ఇస్తున్నామన్న వాదన కూడ నిలువలేదు. నిలువకపోవడమే మంచిది, మినహాయింపు కోసం అందరి ఎదుట తన లేమిని చెప్పుకోవలసిన పిల్లవాడు జట్టు మొహమే చూడడు. కనుక అక్కడి పాఠశాల జట్లు విరాళాలు మాత్రమే అడుగగలవు. ఇవ్వకపోయినా పిల్లవాడిని తొలగించరాదు.

ఈ చట్టం పాఠశాల గడప దాటి రాదు. కొందరు తల్లిదండ్రులు కలిసి గరాజులో నెలకొల్పుకునే సొంత జట్టుకు ఎంతైనా కట్టించుకునే స్వేచ్ఛ ఉన్నది. ఇటువంటి జట్లలో భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగువారు, తక్కువేమీ కారు. పాఠశాలలో జట్టు లేనిచోట, ఉన్నా చోటు దొరకనిచోట ఇది సబబే. కాని మంచి జట్టు ఉన్నా, కళాశాల దరఖాస్తులో “నాయకుడు” అని వ్రాసుకొనేందుకు అయిదారుగురు విడిపోయినప్పుడు వెనుక మిగిలినవారికి జరిగే నష్టం లెక్కలోకి రావడం లేదు. పోయేది వారి విరాళాలే కాదు. ఉద్యోగి స్వచ్ఛందంగా పనిచేసిన గంటలకు ప్రతిగా అనేక పెద్ద కంపెనీలు ఆ సేవాసంస్థకు డబ్బిస్తాయి; ఇంజనీరయిన తండ్రి శనివారం వర్క్‌షాపులో నిలబడితే పాఠశాల జట్టుకు శిక్షకుడూ దొరుకుతాడు, నిధీ వస్తుంది. ఆ తండ్రి తన గరాజుకు తరలిపోతే రెండూ పోతాయి. ఆ తరువాత మిగిలేది హోటలు కార్మికుల, టాక్సీ డ్రైవర్ల పిల్లలు, పాత బ్యాటరీలు, ఒంటరి ఉపాధ్యాయుడు.

ఇంతకూ గరాజు జట్టులో చేరిన పిల్లవాడు లాభపడుతున్నాడా అంటే, అదీ సందేహమే. వేలకు వేలు పోసిన పెద్దలకు ఓటమి సహించదు. గేరు పళ్ళు అరిగితే పిల్లలు రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకోవలసిన చోట పెద్దలే రాత్రికి రాత్రి విప్పి బిగిస్తారు. ఆ రెండు రోజులే కదా చదువు.

కాబట్టి చేరేముందు తల్లిదండ్రులు అడుగవలసినది జట్టు మొత్తం జమాఖర్చుల పట్టిక: ఎవరు ఎంత ఇచ్చారు, ఇవ్వలేనివారు ఎందరున్నారు, ప్రయాణానికి ఎంత పోయినది. చూపించని జట్టులో చేరకపోవడమే మేలు. తెలుగు సంఘాలు కూడ ఉగాది సభలో విజేతలకు శాలువాలు కప్పడంతో సరిపెట్టుకొంటున్నవి. ఆ వేదిక ఖర్చులో కొంత తగ్గించి, ఊరిలో నిధులులేని ఒక పాఠశాల జట్టుకు, అందులో తెలుగు పిల్లలున్నా లేకపోయినా, ప్రవేశ రుసుము కట్టవచ్చు. ఆట జనవరిలో మొదలైనా ఆ రుసుము ముందే చెల్లించాలి. కార్యవర్గం ఈ సంగతి ఉగాదికి కాక దసరాకే తేల్చుకోవాలి.