గేరుకు పడిన గడియ

మోకాలి చిప్ప అరిగి ఎడమకాలు క్లచ్చి తొక్కడానికి పనికిరాకుండా పోయిన నాటినుండి నేను ఆటోమేటిక్ కారే నడుపుతున్నాను. మా అబ్బాయి వాడి వదలిన పాత కారది. పోయిన కార్తికమాసంలో ఒకనాటి ఉదయం తాళం తిప్పగానే ఇంజను చక్కగా అంటుకున్నది. బ్రేకు తొక్కిపట్టాను. గేరు మీట మాత్రం ‘పి’ స్థానం విడిచి రానన్నది. మా ఆవిడను కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోవలసిన రోజది. ఆమె చీర కొంగు సర్దుకొని పక్కన కూర్చొని ఉన్నది, నేను మీటతో కుస్తీ పడుతున్నాను.

తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాను. “కంగారేం లేదు మేస్టారూ! గేరు పక్కన చిన్న మూత ఉంటుందండి. దాన్ని లేపి, లోపల స్క్రూడ్రైవరుతో నొక్కిపట్టి మీట లాగెయ్యండి, వచ్చేస్తుంది. ఖాళీ చూసుకుని బండి పంపించండి, చూద్దాం” అన్నాడు. అతడు చెప్పినట్లే చేశాను, వచ్చింది. ఆ ఖాళీ పది దినాలపాటు నాకు చిక్కలేదు. స్క్రూడ్రైవరు మాత్రం గేరు పక్కనే కాపురం పెట్టింది. అరవై దాటిన వయసులో యంత్రం గుట్టు ఒకటి తెలుసుకున్నానని కొంత గర్వపడ్డాననీ ఒప్పుకోవాలి.

పదకొండవనాడు సాయంకాలం రాజమహేంద్రవరంలో దేవీచౌకు సమీపాన ముందున్న ఆటో ఆగితే నేనూ ఆగాను. వెనుకనుండి ఒక కుర్రవాడు స్కూటరుతో వచ్చి కారును గుద్దుకొని పడిపోయాడు. మణికట్టు విరిగింది. నేను దిగి, ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ, “కళ్లు నెత్తికెక్కాయా?” అని గద్దించాను. ఆ పిల్లవాడు నొప్పితో పళ్లు బిగించి, “మీ వెనక లైటు వెలగలేదండీ” అన్నాడు. చుట్టూ చేరినవారిలో ఒకరు నన్ను బ్రేకు తొక్కి చూపమన్నారు. ఒక్క ఎర్రదీపమూ వెలగలేదు.

మెకానిక్కు చెప్పని సంగతి, నేను అడగవలసి ఉండి అడగని సంగతి ఇదే. బ్రేకు పెడలుకు పైన, మన కంటికి కనబడని చోట, ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. పెడలు దిగగానే అది వెనుక దీపాలను వెలిగిస్తుంది. ఆ సంకేతమే గేరు మీట కింద ఉన్న సోలెనాయిడ్‌కు కూడ అందుతుంది. సోలెనాయిడ్ అంటే విద్యుత్తు పారితే అయస్కాంతమై ఒక కడ్డీని కదలించే తీగచుట్ట. అది ‘టక్కు’మని గడియ తీస్తుంది, అప్పుడు మీట కదులుతుంది. ఆంగ్లంలో షిఫ్ట్ లాక్ అంటున్న దానికి మన ఇంటి తలుపు గడియకన్న దగ్గరి మాట నాకు తోచలేదు. స్విచ్చి పాడైతే దీపమూ పోతుంది, గడియా పడిపోతుంది. అంటే కారు కదలనని మొరాయించి, తన వెనుక దీపాలు ఆరిపోయాయని నాకు తెలిసిన ఒకే ఒక భాషలో చెప్పింది. నేను దాని నోట్లో స్క్రూడ్రైవరు కుక్కాను.

ఈ గడియ పుట్టుకకు ఒక చరిత్ర ఉన్నది. అమెరికాలో ఆడీ 5000 కార్లు వాటంతటవే ముందుకు దూకుతున్నాయని 1986 నవంబరులో సీబీఎస్ వారి ‘60 మినిట్స్’ కార్యక్రమంలో వచ్చి పెద్ద గగ్గోలైంది. బ్రేకు తొక్కనిదే మీట కదలకుండా ఆ సంస్థ ఈ గడియను అమర్చింది. 1989లో అక్కడి ప్రభుత్వ పరిశోధన తేల్చినదేమంటే, అటువంటి ప్రమాదాలలో అధికభాగం బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కడంవల్ల జరిగినవే. పసిపిల్లలు కారెక్కి మీట లాగి ప్రాణాపాయం తెచ్చుకోవడం మరొక బెడద. 2008లో వచ్చిన చట్టం ప్రకారం, 2010 సెప్టెంబరునుండి అక్కడ తయారయ్యే ఆటోమేటిక్ కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. ఇన్ని తంటాలు పడి పెట్టిన అడ్డును మనం ఒక మరమేకుతో సమానంగా చూస్తున్నాము.

కనుక నా మనవి ఇది. మీట కదలనన్నప్పుడు చేయి మూత మీదికి పోకముందు చూపు వెనుకకు పోవాలి. ఎవరినైనా కాస్త దూరంగా పక్కకు నిలబెట్టి బ్రేకు తొక్కండి. ఎవరూ లేకుంటే చీకటివేళ వెనుక గోడ మీద ఎరుపు పడుతున్నదో లేదో అద్దంలో చూడండి. ఒక్క దీపం మాత్రమే వెలగకపోతే అది బల్బు లోపం. అన్నీ వెలగకపోతే స్విచ్చినో, ఫ్యూజునో అనుమానించాలి. అవి బాగుపడేదాక ఆ కారు వీధికెక్కరాదు. దీపాలన్నీ వెలుగుతూ మీట దగ్గర ‘టక్కు’ వినిపించకపోతే లోపం సోలెనాయిడ్‌లోనో, దాని తీగలలోనో ఉన్నట్లు. సీట్ల మధ్య కాఫీ ఒలకబోసుకున్నవారు ముందుగా ఆ సంగతి మెకానిక్కుకు దాచక చెప్పాలి. బ్యాటరీ నీరసించినా గడియ తెరుచుకోదు. ఏటవాలు నేల మీద హ్యాండుబ్రేకు వేయకుండా ‘పి’లో నిలిపితే బండి బరువంతా గేరుపెట్టె లోపలి పంటిమీద పడి మీట బిగుసుకొంటుంది. అది గడియ లోపం కాదు, మన అలవాటు లోపం. (ఏఎమ్‌టీ రకం కార్లలో చాలావాటికి ‘పి’ స్థానమే లేదు. వాటి సంగతి వేరు.)

ఇంతకన్న భయంకరమైన లోపం ఇంకొకటి ఉన్నది, దానిని గురించి ఫిర్యాదు చేసేవారే ఉండరు. కొన్ని కార్లలో పెడలు స్విచ్చిని తాకే చోట రబ్బరుదో, ప్లాస్టిక్‌దో ఒక చిన్న బిళ్ల ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది పొడిపొడియై కాళ్ల కింది పట్టా మీద రాలుతుంది. అప్పుడు స్విచ్చి, పెడలు ఎప్పుడూ తొక్కి ఉన్నదనే భ్రమలో ఉంటుంది. వెనుక దీపాలు ఆరవు, గడియ పడదు, బ్రేకు తొక్కకున్నా మీట హాయిగా జారివస్తుంది. “మా బండి గేరు వెన్నలా పడుతుందండీ” అని మురిసిపోయేవారు ఒకసారి పట్టా దులిపి చూసుకోవడం మంచిది. అటువంటి కారులో మనుమలను ఆడుకోనివ్వరాదు.

ఆ మూత కింది రంధ్రమే వద్దని నేననను. నట్టడవిలో, నడిరాత్రి, లారీ మీద బండిని ఎక్కించవలసినప్పుడు అది ఉండవలసిందే. హ్యాండుబ్రేకు వేసి, పాదం బ్రేకు మీద ఉంచి, దానిని నొక్కి మీటను ‘ఎన్’కు తేవడం ఆపద్ధర్మం. కాని వ్యాకరణంలో అపవాదసూత్రం ఉన్నది కదా అని పుస్తకమంతా దానితోనే నడిపితే ఏమవుతుంది? తరగతిలో ఇటువంటి తెలివి చూపిన పిల్లలను నేను బల్ల ఎక్కించాను. కార్ల తయారీదారులు ఇచ్చే పుస్తకాలలో ఆ రంధ్రం ఎక్కడున్నదో చూపే పుటలోనే, అంతే పెద్ద అక్షరాలతో, ముందు వెనుక దీపాలు చూచుకొమ్మని ఉండాలి. అది తెలుగులో కూడ ఉండాలి. మరమ్మతు చేసేవారు ఫోనులో ఉపాయం చెప్పేముందు “దీపాలు వెలుగుతున్నాయా?” అన్న ఒక్క ప్రశ్న వేయాలి. వారి నేరమే ఎక్కువని నేననడం లేదు. ఆ పది దినాలూ స్టీరింగు పట్టినది నా చేతులే.

స్విచ్చి మార్చడానికి అరగంట పట్టింది. ఖరీదు, ఆ కుర్రవాడి కట్టుకు నేనిచ్చినదానిలో వీసమెత్తు కాదు. వాడి తల్లి నన్నొక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చింది. కుడిచేయి కావడంతో వాడు ఆ నెలలో పరీక్ష వ్రాయలేకపోయాడు. ప్రతి ఆదివారమూ వెళ్లి వాడికి తెలుగు పాఠం చెప్పి వస్తున్నాను. తక్కిన పాఠాలకు నేను పనికిరాను.