ఇంగ్లీష్ అక్షరాల్లో ఏలీయా

ఒక సీక్రెట్ చెప్తా, క్లబ్ వాళ్లు తిట్టొద్దు. ఆగస్టులో ఒక ఆదివారం మా చర్చిలో మొదటి పఠనం చదివే ఛాన్స్ నాకొచ్చింది. కాథలిక్ పూజలో సువిశేషానికి ముందు వచ్చే పఠనాలను మామూలు విశ్వాసుల్లోంచి ఎవరో ఒకరు మైక్ దగ్గరికెళ్లి చదువుతారు. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఒత్తు కనిపిస్తే నా బండి ఆగిపోతుంది. అందుకే శనివారం రాత్రి అమ్మతో చదివించుకుని, విన్నది విన్నట్టు ఫోన్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసుకున్నా. పొద్దున ఆ ఫోన్‌ని పుస్తకం మధ్యలో పెట్టుకుని గడగడా చదివేశా. ఒక్క తప్పు పోలేదు.

ఇంటికి వస్తుంటే స్కూటీ వెనక కూర్చున్న అమ్మ అడిగింది. "బాగానే చదివినవ్ గానీ, ఏలీయా ముఖం ఎందుకు కప్పుకున్నడు రా?"

ముఖం కప్పుకున్నాడా? నేను చదివిన దాంట్లోనా?

నోటితో తప్పు లేకుండా చదివాను, బుర్రలోకి ముక్క కూడా ఎక్కలేదు. ఆ రోజు పడ్డ సిగ్గు నుంచే ఈ వ్యాసం వచ్చింది.

అమ్మకి ఒక అలవాటు ఉంది. మర్నాటి పఠనాన్ని శనివారం రాత్రే మూడు సార్లు మెల్లగా, పైకే చదువుకుంటుంది. ఎక్కడో ఒక మాట దగ్గర ఆగి, కాసేపు మాట్లాడకుండా కూర్చుంటుంది. నిద్రొచ్చిందేమో అనుకునేవాణ్ణి. దానికి చాలా పాత పేరుందని తర్వాత తెలిసింది: లెక్సియో దివీనా, అంటే దైవ పఠనం. 6వ శతాబ్దంలోనే సెయింట్ బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో రోజూ దీనికి కొన్ని గంటలు కేటాయించాడు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, చివరికి మాటలు ఆపి దేవుని ముందు ఊరికే ఉండటం. ఆయన దీన్ని భోజనంతో పోల్చాడు. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం అంటే నమలడం. ఆ సన్యాసులు వాడిన లాటిన్ మాటకి సరిగ్గా సరిపోయే మాట మనకి ముందే ఉంది: నెమరువేయడం. మన ఆవులకి వచ్చిన పని నాకు రాలేదన్నమాట.

నేను చేసింది ముద్దని నమలకుండా మింగడం. ఇంగ్లీష్‌లో నేను చాలా ఫాస్ట్. పేజీని పైనుంచి కిందికి స్క్రోల్ చేసి పాయింట్ లాగేస్తా. పరీక్షలకి అది పనికొస్తుంది. తెలుగులో అలా కుదరదు, కూడబలుక్కోవాలి. అది నా లోపం అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఈ చదువుకి కావాల్సిన మొదటి అర్హత నెమ్మదే. అది మన ఇంగ్లీష్ మీడియం బ్యాచ్‌కి తెలుగులో ఫ్రీగా దొరికింది. నేనేమో ఇంగ్లీష్ అక్షరాలు పెట్టుకుని దాన్నీ పోగొట్టుకున్నా.

మరుసటి వారం హిమాయత్ సాగర్ దగ్గర కూర్చుని, అసలు తెలుగు పుస్తకంతో మళ్లీ మొదలుపెట్టా. రాజుల మొదటి గ్రంథం, 19వ అధ్యాయం. పావు గంటలో పది వాక్యాలు కూడా కాలేదు. రాణి యెజెబెలు చంపిస్తానంటే ఏలీయా పారిపోయాడు. చచ్చిపోతే బాగుండు అనుకునేంతగా అలిసిపోయి, హోరేబు కొండ గుహలోకి చేరాడు. పెనుగాలి, భూకంపం, నిప్పు వచ్చాయి. దేవుడు వాటిలో లేడు. తర్వాత చాలా మెల్లని సవ్వడి. అప్పుడు కప్పుకున్నాడు ముఖం. పూజలో చదివే భాగం అక్కడితో అయిపోతుంది. పుస్తకంలో మాత్రం వెంటనే ఒక ప్రశ్న ఉంది: ఇక్కడ ఏం చేస్తున్నావని దేవుడు అడుగుతాడు. శంషాబాద్‌లో దిగే విమానం చప్పుడు మధ్యలో ఆ ప్రశ్న నన్నే అడిగినట్టుంది. ఒక బ్యాక్‌లాగ్ సంగతి ఇంట్లో దాచి తిరుగుతున్న రోజులవి. ఆ రాత్రి అమ్మకి చెప్పేశా.

మా రూమ్‌మేట్ అంటాడు, "పది సెకన్లలో ఏఐ సమ్మరీ ఇస్తుంది కదరా." ఇస్తుంది. కథ చెప్తుంది. కానీ ఏ మాట దగ్గర నేను ఆగిపోతానో దానికెలా తెలుస్తుంది? ఇంకో ఫ్రెండ్ ప్రశ్న దీనికంటే గట్టిది: "నీకు కావాల్సిందే వాక్యంలో చదువుకుంటున్నావేమో?" ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే ముందు వాక్యం ఏం చెప్తోందో చూడాలి, నాకేం చెప్తోందన్నది ఆ తర్వాతే. ముందూ వెనకా చదవాలి, తెలిసినవాళ్లని అడగాలి. ఇది మెడిటేషన్ యాప్ లాంటిది కూడా కాదు. మూడో మెట్టులో మాట్లాడటానికి అవతల ఒకరున్నారని నమ్మాలి. ఆ నమ్మకం లేకుండా ఇది నాకు సగమే. చాలా రోజులు ఏమీ అనిపించదు కూడా.

ఇది సన్యాసుల పనే అనుకోవద్దు. 1965లో రెండో వాటికన్ మహాసభ, బైబిల్ చదవడం విశ్వాసులందరి పని అనీ, చదువుతో పాటు ప్రార్థన ఉండాలనీ చెప్పింది. పూజ లాటిన్ నుంచి మన భాషల్లోకి వచ్చింది కూడా ఆ మహాసభ వల్లే. మా అమ్మమ్మ చిన్నప్పుడు అర్థం కాని లాటిన్‌లో విన్నది, అమ్మ తెలుగులో విన్నది. నేను ఆ తెలుగునే అర్థం కాకుండా చదివా. అదీ నా బాధ.

హిమాయత్ సాగర్‌ని 1908 మూసీ వరద తర్వాత, ఈసీ నది మీద 1927లో కట్టి పూర్తి చేశారు. కొట్టుకుపోయే నీళ్లని ఆపి ఉంచితేనే ఊరికి తాగునీళ్లయ్యాయి. చదువు కూడా అంతే.

క్లబ్‌కి నా రిక్వెస్ట్ ఒకటే. మీ మతం ఏదైనా, అసలు ఏదీ లేకపోయినా, నెలకో శనివారం ఒక్క తెలుగు పేజీ తెచ్చుకుందాం. పైకి, నత్తి నత్తిగానైనా సరే, తెలుగు అక్షరాల్లోనే చదువుదాం. మొదటి పేజీ నేను చదువుతా. ఒత్తుల దగ్గర ఆగితే నవ్వండి, పర్లేదు. ఈసారి ఏలీయా ముఖం ఎందుకు కప్పుకున్నాడని అడిగితే మాత్రం చెప్పగలను.