శాసనసభ్యుని జమాఖర్చులు



గత మాసమున నొక శుభకార్యమునకై అబ్దుల్లాపూర్‌మెట్‌లోని మా వదినెగారి యింటికి పోయియుంటిని. విజయవాడ బాటపై హయత్‌నగరము దాటిన పిమ్మట వచ్చు నూరది. చూచుచుండగనే పట్నము దాని గడప త్రొక్కినది. భోజనములైన పిదప ఆమె పద్దుపుస్తకము ముందిడుకొని పాలు, కూరలు, కిరాణా లెక్కలు వ్రాసికొనుచు, “వదినె, నేను రూపాయికైనను పద్దు వ్రాసెదను గదా! మనము ఓట్లు వేసి పంపినవారు సభలో దేనికి ఔననిరో, దేనికి కాదనిరో, వారి యెన్నికకు సొమ్మెక్కడిదో, ఎచ్చటనైన వ్రాసియుండునా?” అని యడిగినది.

నాకప్పుడు సరియైన బదులు తోచలేదు. ఇంటికి వచ్చి విచారించి తెలిసికొన్న సంగతులను ఆమెతో బాటు మీకును విన్నవించుచున్నాను.

అబ్దుల్లాపూర్‌మెట్ ఇబ్రహీంపట్నము శాసనసభా నియోజకవర్గములోనిది. అచ్చట 2018లో మంచిరెడ్డి కిషన్‌రెడ్డిగారు మల్‌రెడ్డి రంగారెడ్డిగారిపై 376 ఓట్ల తేడాతో గెలిచిరి. ఒక పెండ్లిపందిటిలో నొక పంక్తికి లేచువారంత! 2023లో రంగారెడ్డిగారు కాంగ్రెసు పక్షమున గెలిచిరి. కావున ఈ ప్రాంతమున నొక్కొక్క యిల్లాలి ఓటునకు విలువ యెంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఓటు ఇట్లు లెక్కకు వచ్చును. వారి ఓటో? సభలో నొక బిల్లు వచ్చినప్పుడు సభాపతి యడుగును. అనుకూలురు ఔనందురు, ప్రతికూలురు కాదందురు. ఏ వైపు ధ్వని హెచ్చుగా నున్నదని ఆయనకు తోచిన నా వైపు నెగ్గినట్లే. దీనినే మూజువాణి ఓటందురు. ఎవరైన పట్టుబట్టి విభజన కోరిననే పేరుపేరున లెక్క యుండును. కోరనిచో ఎవరేమనిరో గాలికే తెలియును. మన తెలంగాణమునే చూడుడు. ఆ బిల్లును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న మూజువాణితోనే త్రోసివేసెను. ఫిబ్రవరి 18న లోకసభ మూజువాణితోనే ఆమోదించెను. పైగా ఆనాడు లోకసభ ప్రసారము నిలిచిపోయినది. కోట్ల జనుల బ్రదుకులు మార్చిన తీర్పునకు సభ్యులవారీ పద్దు లేకపోవుట నాకు నేటికిని వింతగనే యున్నది.

పేరు వ్రాసినను అది సభ్యుని సొంత యభిప్రాయమని తలపరాదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టము ననుసరించి, పార్టీ విప్ జారీచేసిన పిమ్మట దానికి విరుద్ధముగా ఓటు వేసినవాడు సభ్యత్వమునే పోగొట్టుకొనవచ్చును. అయితే మూడింట రెండు వంతుల సభ్యులు కలిసి వేరొక పార్టీలో విలీనమైనచో ఆ దోషము లేదట! 2018లో కాంగ్రెసు పక్షమున గెలిచినవారిలో మిగిలిన 18 మందిలో 12 మంది తెలంగాణ రాష్ట్ర సమితిలో కలియగా, 2019 జూన్ 6న నాటి సభాపతి దానిని అంగీకరించెను. మన పొరుగున నున్న ఎల్బీనగర్ సభ్యులు దేవిరెడ్డి సుధీర్‌రెడ్డిగారును, మహేశ్వరం సభ్యురాలు సబితా ఇంద్రారెడ్డిగారును వారిలోనివారే. తరువాత చక్రము తిరిగినది. 2023లో భారత రాష్ట్ర సమితి పేర గెలిచిన పదిమంది కాంగ్రెసులో చేరిరని ఫిర్యాదులు రాగా, సభాపతి మూడు మాసములలో తేల్చవలయునని సుప్రీంకోర్టు 2025 జూలై 31న ఆదేశించెను. ఒక్కడు కంచె దాటిన తప్పు, మంద యంతయు దాటిన తప్పు కాదనుట మన యిండ్లలో సాగు న్యాయము కాదు.

స్పష్టమైన పద్దు రాజ్యాంగ సవరణలందు దొరకును. వానికి ప్రత్యేకమైన ఆధిక్యత వలయును గనుక తలలు లెక్కింపక తప్పదు. చట్టసభలలో స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయించు బిల్లునకు 2023 సెప్టెంబరు 20న లోకసభలో అనుకూలముగా 454, ప్రతికూలముగా 2 ఓట్లు వచ్చినవి. ఆ రెంటిలో నొకటి హైదరాబాదు సభ్యులు అసదుద్దీన్ ఒవైసీగారిది. వెనుకబడిన తరగతుల స్త్రీలకును, ముసల్మాను స్త్రీలకును అందులో వేరుగా భాగము లేదని ఆయన వాదము. ఆ వాదము మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. ఆయన ఏమనెనో, ఎందుకనెనో మనకు తెలిసినది, అడుగుటకు వీలున్నది. నాకు కావలసినదింతే.

ఇక సొమ్ము మాట. మన రాష్ట్రమున శాసనసభ యభ్యర్థి వ్యయము 40 లక్షలు మించరాదని 2022లో నిర్ణయించిరి. అంతకు ముందు 2020లో అది 30 లక్షల 80 వేలు. ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క యప్పగింపవలయును. తగిన కారణము లేక యప్పగింపనివానిని మూడేండ్లు అనర్హునిగా చేయవచ్చును. వినుటకు కట్టుదిట్టముగనే యున్నది. కాని పార్టీ వ్యయమునకు మితి లేదు. పార్టీ నాయకుల ప్రయాణములు, పార్టీ సామాన్య ప్రచారము అభ్యర్థి పద్దులో చేరవు. చిన్న సంచికి ముడి బిగించి పెద్ద గోనెను విప్పి యుంచినట్లున్నది.

ఆ గోనెలోనికి ధనమెట్లు వచ్చినదో కొంతకాలము ఎవరికిని తెలియలేదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను స్టేట్ బ్యాంకులో కొని పార్టీకిచ్చినచో ఇచ్చినవారి పేరు బయటికి రాదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, పట్టికలు బయట పెట్టించినది. హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు కంపెనీ సుమారు 966 కోట్ల బాండ్లు కొని దేశమున రెండవ స్థానమున నుండినది. పుచ్చుకొన్న పార్టీలలో భారతీయ జనతా పార్టీకి సుమారు 6,060 కోట్లు, కాంగ్రెసునకు 1,421 కోట్లు, భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు ముట్టినవి. గుత్తలు పట్టు కంపెనీ, గుత్తలిచ్చు ప్రభుత్వమును నడుపు పార్టీకి సొమ్మిచ్చుటలో నేరమున్నదని నేననను. కాని ఆ సంగతి ఓటు వేయకముందు మనకు తెలియవలసినది గదా!

మా వదినె యొక రహస్యము చెప్పినది. ఒక యెన్నికకు ముందు రాత్రి ఎవరో కవరొకటి తెచ్చి తలుపుసందున నుంచి పోయిరట. “ఏ పార్టీదో అడుగవద్దు వదినె” అని నవ్వి, వెంటనే ముఖము చిన్నబుచ్చుకొన్నది. దానిని పద్దుపుస్తకమున నెక్కింపలేదట. జమ యేమని వ్రాయవలెనో తెలియలేదట. ఓటునకై ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును నేరస్థులే యనియు, ఏడాది వరకు శిక్ష పడవచ్చుననియు నేను చెప్పగా, ఇచ్చినవాడు పట్టుబడునా యని యడిగినది.

ఒక్క మేలు మాత్రము కలదు. సుప్రీంకోర్టు తీర్పుల ఫలితముగా 2003 నుండి ప్రతి యభ్యర్థియు తన ఆస్తులు, అప్పులు, క్రిమినలు కేసులు ప్రమాణపత్రమున చూపుచున్నాడు. భార్య పేర నున్న భూమి, ఆమె మెడలోని బంగారము సైతము అందు వ్రాయవలసినదే. ఐదేండ్ల నాటి పత్రమును, నేటి పత్రమును ప్రక్కప్రక్కన బెట్టి చదువుట పద్దు తెలిసిన యిల్లాలికి కష్టము కాదు. వ్యయపు లెక్కయు జిల్లా యెన్నికల యధికారి యొద్ద నుండును. 1961 నాటి నియమముల ప్రకారము ఒక్క రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. రంగారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయము కొంగరకలాన్‌లో, ఇబ్రహీంపట్నము మండలముననే యున్నది. ఈ సంగతి వ్రాయగా, పిల్లవాని కాలేజీ సెలవులలో వానిని వెంటబెట్టుకొని పోయెదనని మా వదినె బదులు వ్రాసినది. ఆ రూపాయిని మాత్రము పద్దుపుస్తకమున నెక్కించెదనన్నది.