పొగ చెప్పే నిజం

బాలలూ! మీ నాన్నగారు కూడబెట్టిన డబ్బుతో చందానగర్‌లో జోరుగా పోయే పాతకారు ఒకటి బేరం చేస్తున్నారనుకోండి. తెల్లవారగానే వెళ్ళమనండి. ఎండ ఎక్కకముందే ఇంజను మూత వెచ్చగా ఉన్నదంటే, ఎవరో అప్పటికే ఇంజను నడిపారన్నమాట. అది మంచిది కాదు. ఎందుకంటే, ఇంజను వేడెక్కితే కొన్ని చప్పుళ్ళు అణిగిపోతాయి.

ఇంజను నడిపించి, దూరంగా నిలబడి వెనకగొట్టం చూడండి. నీలిపొగ వస్తే నూనె కాలుతున్నది. పిస్టను రింగులు అరిగినా, నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే టర్బో దగ్గర నూనె కారినా ఇలా అవుతుంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై, పూర్తిగా కాలడంలేదు. చలివేళ కొంచెం తెల్లని ఆవిరి సహజమే. ఇంజను వేడెక్కినా అది ఆగకపోతే, చల్లబరిచే నీరు లోపలికి కారుతున్నదేమోనని అనుమానించాలి.

ఇటువంటి పొగ కనిపిస్తే, నమ్మకమైన మెకానిక్కుకు చూపించేదాకా బయానా ఇవ్వవద్దని నాన్నగారితో చెప్పండి.