మార్తను తిట్టడం ఇక చాలించండి

ఈమధ్య చోడవరంలో ఒక స్త్రీల కూటానికి బయటి ఊరి నుంచి ఒక దైవసేవకుడు వచ్చారు. ప్రభువు పాదాల దగ్గర కూర్చున్న మరియ, వడ్డనల పనిలో మునిగిన ఆమె అక్క మార్తల కథ ఎత్తుకున్నారు. వంట, పొలం, పశువులు, పిల్లల చదువులు, ఇవన్నీ మనసును దేవుడి దగ్గర నిలవనివ్వని సాతాను వలలే అన్నారు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి మోకాళ్ల మీద ఉండలేనివాళ్లకు ఆత్మీయ జీవితమే లేదని తేల్చేశారు. ముందు కూర్చున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో చాలామంది ఆ పూట చెరకు నరికి, ఇంటికెళ్లి వంట చేసి, పిల్లలకు పెట్టి వచ్చినవాళ్లు. నాకు ఒళ్లు మండింది.

ఆయన ఒక్కరి మాటే అయితే వదిలేద్దును. కానీ ఏ ఉజ్జీవ సభకు వెళ్లినా ఇప్పుడు ఇదే బోధ. దేవుడు ఒకవైపు, బతుకు ఇంకోవైపు. బతుకులోంచి ఎంతసేపు తప్పించుకుంటే అంత భక్తి.

ఈ బోధ చేసేవాళ్లు జనవరిలో ఒక్క రోజు మా వైపు బెల్లం గానుగల దగ్గరకు రావాలి. పెనంలో రసం మరుగుతూ ఉంటుంది. పొయ్యి ముందు కూర్చున్న ఆమె ఎండిన పిప్పిని గుప్పెడు గుప్పెడు లోపలికి తోస్తూ, సెగ తగలకుండా మొహం పక్కకు తిప్పుకుంటుంది. మంట తగ్గితే పాకం రాదు, ఎక్కువైతే మాడిపోతుంది. పైన నిలబడ్డ మనిషి మడ్డి తీసేసి, చిటికెడు పాకం నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూస్తాడు. గంటల తరబడి చూపు మరల్చడానికి లేదు. ఆ పొయ్యి ముందే ఆమె పెదవుల మీద ఒక కీర్తన ఆడుతూ ఉంటుంది. ఈ మనిషికి ఏకాగ్రత లేదని ఏ నోటితో అంటారు?

మార్త దగ్గరకే వస్తాను. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. అనేక పనుల గురించి ఆమె పడుతున్న కలవరాన్ని చూసి, ప్రేమతో రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. ఆ ఇంటికి వచ్చినవాళ్లలో ఒక్క మగవాడైనా లేచి ఆమెకు చేయి అందించాడని లూకా రాయలేదు. ఈ సంగతి మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు. ఆ కథ అయిపోయిన వెంటనే, 11వ అధ్యాయం మొదట్లో, శిష్యుల్లో ఒకడు ప్రార్థన నేర్పమని అడుగుతాడు. ఆయన నేర్పిన ప్రార్థనలో ఏనాటి ఆహారం ఆనాటికి ఇమ్మని అడగడం ఉంది. ఆ ఆహారం వండేవాళ్లు సాతాను వలలో ఉన్నారా?

యోహాను 11 తెరవండి. వాళ్ల సోదరుడు లాజరు చనిపోయినప్పుడు మరియ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రభువుకు ఎదురు వెళ్లింది మార్తే. నువ్వే క్రీస్తువి, దేవుని కుమారుడివి అని ఒప్పుకున్నదీ మార్తే. అదే మాట అన్న పేతురును మనం నెత్తిన పెట్టుకుంటాం. తర్వాతి అధ్యాయంలో, పస్కాకు ఆరు రోజుల ముందు, బేతనియలో మార్త మళ్లీ వడ్డిస్తూనే ఉంది. అప్పుడామెను ఎవరూ ఆపలేదు. ఆ వచనాన్ని మాత్రం మన ప్రసంగీకులు దాటేస్తారు.

పేతురు చేపల వలలు వదిలేశాడు కదా అంటారు. వదిలాడు. కానీ పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. మోషేకు పొద కనబడింది మామ గొర్రెలు మేపుతున్నప్పుడు. గిద్యోనుకు దూత కనబడింది గోధుమలు దుళ్లగొడుతున్నప్పుడు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి మఠం వంటింట్లో గిన్నెల మధ్యే దేవుని సన్నిధిని అనుభవించాడు.

అంత దూరం ఎందుకు? లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖపట్నం వచ్చారు. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు. ఆ మిషన్లలో ఇల్లిల్లూ తిరిగింది బైబిలు స్త్రీలు. పని మానుకోలేని ఆడవాళ్ల గుమ్మంలోకే వాక్యాన్ని తీసుకెళ్లారు వాళ్లు. క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చదువు రానివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. పనిలో పాడుకోవడానికి పుస్తకం అక్కర్లేదు మరి.

ఇక ఈ సభల్లో ఫోన్లనూ నిందిస్తారు. ఫోను మనసును చెదరగొడుతుంది, నిజమే, కాదనను. అయితే ఆ మాట చెప్పే సభల్లో జరుగుతున్నదేమిటి? ప్రార్థన చేస్తున్నంతసేపూ వెనక కీబోర్డు మోగుతూనే ఉండాలి. గుండెలదిరేలా సౌండు బాక్సులు. కళ్లు మూసుకుని ఏడుస్తున్న ఒక తల్లి మొహానికి జానెడు దూరంలో లైవ్ కెమెరా. ఆమె ఏ బాధతో ఏడుస్తోందో ఆమెకూ దేవుడికీ తెలియాలి. ఆ కన్నీళ్లు సాయంత్రానికి రీల్ అయి ఊరంతా తిరుగుతాయి. ఆ తల్లి అనుమతి అడిగినవాళ్లు లేరు. మౌనంగా ఐదు నిమిషాలు కూర్చోనివ్వని మందిరం, ఏకాగ్రత లేదని మనిషిని నిందిస్తోంది. ఇది నాకు అన్నిటికంటే బాధగా ఉంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన చెరకు డబ్బుల కోసం ఎదురుచూసిన ఇళ్లున్న ప్రాంతమిది. అప్పు తలచుకుని ప్రార్థనలో మనసు చెదిరితే దాన్ని పాపమనడానికి నోరెలా వస్తుంది? ఆ అప్పునే ప్రార్థనలో పెట్టమని చెప్పాలి గానీ!

మరేం చేయాలంటే, నాకు తోచినవి కొన్నే. చెరకు సీజనులో కూటాల వేళలు మార్చండి. ఆదివారం ఒక్క వచనం అందరికీ నోటికొచ్చేదాకా చెప్పించి పంపండి, వారమంతా పనిలో అది వాళ్లతో ఉంటుంది. మగవాళ్ల కూటంలో, ఇంటిపని పంచుకోమని చెప్పండి. మార్త ప్రభువును అడిగింది కూడా సాయం చేసే మనిషినే. మిగతాది సంఘ పెద్దలు కూర్చుని ఆలోచించాలి.

వచ్చే స్త్రీల కూటంలో ఆ ప్రసంగం మళ్లీ మొదలైతే మాత్రం నేను లేచి నిలబడి, అయ్యగారూ, యోహాను 11 కూడా చదివించండి అని అడుగుతాను.