నెత్తుటిలో నూనె ఎలా ప్రయాణం చేస్తుంది?

పిల్లలూ! పోయిన దసరా సెలవుల్లో మా వీధి కుర్రవాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. సంగారెడ్డిలో మా ఇంటికి మూడిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. వచ్చినవాడు కూర్చోకుండానే, "సార్, నెయ్యి విషమా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న వెనక ఒక కథ ఉన్నది. (వాళ్ళ అమ్మ అనుమతితోనే రాస్తున్నాను.) వాడి నాయన పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. నెత్తుటిలో కొలెస్టరాల్ తగ్గించే మాత్రలకు కావలసిన తెల్లటి పొడి అక్కడ తయారవుతుంది. ఆ పొడిని తూచి డ్రమ్ముల్లో నింపే మనిషికే, నలభై ఏళ్ళు నిండకముందే, గుండెపోటు వచ్చింది. ఎలాగో బతికి బయటపడ్డాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నెయ్యి, పాలు, గుడ్డు అన్నీ బంద్. ఏడాదిన్నర చెల్లెలికి కూడా ఉత్త పప్పన్నమే.

"విషమైతే ఇన్నాళ్ళూ ఎందుకు తిన్నాం సార్?" అన్నాడు వాడు.

నేను జవాబు చెప్పలేదు. గాజుగ్లాసులో నీళ్ళు పోసి, చెంచాడు పల్లీనూనె వేసి కలపమన్నాను. కలిపాడు. కాసేపటికి నూనె పైకి తేలింది. తరువాత చిక్కటి కుంకుడు రసం కొంచెం వేసి మళ్ళీ గిలకొట్టమన్నాను. ఈసారి నూనె సన్నని బిందువులుగా విడిపోయి, నీళ్ళు మజ్జిగలా తెల్లబడినవి. మీరూ చేసి చూడండి. కళ్ళలో మాత్రం పడనీయకండి.

మన కడుపులో ఈ కుంకుడు రసం పని చేసేది పైత్యరసం. కాలేయం దాన్ని తయారుచేసి పేగులోకి పంపుతుంది. అది కొవ్వును బిందువులుగా విడగొడితేనే జీర్ణరసాలు దాన్ని అరిగించగలవు. మరి పైత్యరసంలోని లవణాలను కాలేయం దేనితో చేస్తుందనుకున్నారు? కొలెస్టరాల్‌తోనే!

అంటే కొలెస్టరాల్ శత్రువు కాదన్నమాట. మన ఒంట్లో ప్రతి కణానికీ ఉండే పలుచని పొరలో అది ఉన్నది. మెదడులో మరీ ఎక్కువ. మనం ఒక్క గుడ్డు కూడా తినకపోయినా శరీరం తనకు కావలసినది రోజుకు సుమారు ఒక గ్రాము తానే తయారు చేసుకుంటుంది. చెట్లనుంచి వచ్చే నూనెలలో కొలెస్టరాల్ దాదాపు ఉండనే ఉండదు. నూనె ప్యాకెట్టు మీద "కొలెస్టరాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో వేయడం, "మా గేదెకు రెక్కలు లేవు" అని చాటింపు వేసినట్టు ఉంటుంది.

ఇక అసలు చిక్కు చూడండి. నెత్తురు నీళ్ళవంటిది, కొవ్వు అందులో కలవదు. అందుచేత శరీరం కొవ్వునూ కొలెస్టరాల్‌నూ మాంసకృత్తుల తొడుగులో మూటకట్టి పంపుతుంది. మన ముంబయి రోడ్డు మీద లారీలు పోతూంటాయి కదా, అలాగే. కాలేయం పంపిన సరుకులో కొవ్వు దారిలో దిగిపోగా, కొలెస్టరాల్ నిండుగా మిగిలిన లారీల పేరు ఎల్.డి.ఎల్. మిగులు సరుకును ఏరుకుని తిరిగి కాలేయానికి చేర్చే లారీలు హెచ్.డి.ఎల్.

లారీ వచ్చినప్పుడు గోదాము తలుపు తెరవాలి. తెరవకపోతే? లారీలు రోడ్డు మీదనే బారులు తీరుతాయి. నెత్తుటిలోనూ అంతే. ఎల్.డి.ఎల్. ఎక్కువై, రక్తనాళాల గోడలలోకి చొరబడుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలు ఉబ్బి అక్కడే పడి ఉంటాయి. ఏళ్ళ తరబడి గోడ లోపల గడ్డ పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. ఒకనాడు ఆ గడ్డ పగులుతుంది. దానిమీద నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుంటుంది. అది గుండెకు పోయే నాళమైతే, గుండెపోటు.

ఆ తలుపులను కనిపెట్టినవారు అమెరికాలోని డాలస్ నగరంలో పనిచేసిన బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు వైద్యులు. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. కొందరికి పుట్టుకతోనే ఈ తలుపులు సగం పనిచేయవని వారు చూపారు. సుమారు 250 మందిలో ఒకరికి ఇలాంటి లోపం ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. వీళ్ళు లావుగా ఉండాలని లేదు.

ఇది వాడికి చెబుతూండగానే నా గుండె ఝల్లుమన్నది. వాడు చువ్వలా ఉంటాడు, కబడ్డీలో ఎవరికీ దొరకడు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

"డాక్టర్ కొవ్వు తగ్గించుమన్నడు సార్. ఆయనొక్కనికెందుకని అందరికీ మానిపించిన," అన్నది తల్లి.

"తప్పు లేదమ్మా. కాని రెండేళ్ళు నిండని బిడ్డకు కొవ్వు తగ్గించకూడదు. తల్లిపాలలో ఉండే బలంలో దాదాపు సగం కొవ్వునుంచే వస్తుంది. ఆ వయసులో మెదడు పెరుగుతుంది," అన్నాను. "పిల్లవాడికి మాత్రం ఒకసారి రక్తపరీక్ష చేయించండి." అంతకుమించి చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను.

పరీక్ష చేయించారు. పిల్లల్లో 110 లోపు ఉండవలసిన ఎల్.డి.ఎల్. వాడికి 200 దాటి ఉన్నది.

వాడికి నెయ్యి, వేపుళ్ళు బాగా తగ్గించి, డాక్టరు రాత్రిపూట ఒక మాత్ర రాశాడు. ఆ మాత్రల పుట్టుక కూడా వినదగ్గది. జపాన్ దేశంలో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు సుమారు ఆరువేల రకాల సూక్ష్మజీవులను పరీక్షించి, 1973లో బియ్యం మీద పెరిగే ఒక బూజులో ఈ జాతి మందును మొదటిసారి కనుగొన్నాడు. అది కాలేయంలో కొలెస్టరాల్ తయారీని అడ్డగిస్తుంది. అప్పుడు కాలేయం సరుకు చాలక, తలుపులు మరిన్ని తెరిచి నెత్తుటిలోని లారీలను లోపలికి పిలుస్తుంది! బెండకాయ, పప్పులు, మెంతులలోని జిగురు పీచు పేగులో పైత్యరసాన్ని కొంత పట్టుకుపోయి ఇలాంటి పనే కొద్దిగా చేస్తుంది.

"ఏ నూనె వాడాలె సార్?" అని తల్లి అడిగింది. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో అంతకన్నా ఎక్కువ, తలుపులను మందగింపజేసే జాతి కొవ్వు. పల్లీనూనెలో అది తక్కువ. మన పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంస్థతో కలిసి గిర్నార్-4, గిర్నార్-5 అనే పల్లీ రకాలను రూపొందించింది. అవి 2020లో విడుదలయ్యాయి. వీటి నూనెలో 80 శాతం వరకూ ఓలిక్ ఆమ్లమనే మేలైన కొవ్వు ఉంటుంది. త్వరగా చెడి వాసన కొట్టదు కూడా. అయితే ఏ నూనె అయినా కొలిచి పోసుకోవలసిందే.

తల్లిదండ్రులకొక మాట. మీ ఇంట్లో మగవాళ్ళకు యాభై ఐదేళ్ళలోపు, ఆడవాళ్ళకు అరవై ఏళ్ళలోపు గుండెపోటు వచ్చి ఉంటే, పిల్లలను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ సంగతి చెప్పండి.

మొన్న ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. చెల్లెలి గిన్నెలో నెయ్యి తానే వేస్తున్నాడట. "నాకు వేసుకోను సార్, వాసన చూస్తా," అన్నాడు. చెల్లెలికి ఏప్రిల్‌లో రెండేళ్ళు నిండుతాయి. ఆ తరువాత పరీక్ష చేద్దామన్నాడు డాక్టరు.