‘పెద్దయితే పోతుంది’ అన్నది వైద్యం కాదు

నాలుగు నెలల బిడ్డకు బుగ్గలు ఎర్రగా పొక్కి రసి కారుతుంటే, రాత్రంతా ముఖాన్ని దుప్పటికేసి రుద్దుకుంటుంటే, బేతంచెర్లలో తల్లికి మొదట వినిపించే ఓదార్పు ఒకటే: ‘ఏం కాదులేమ్మా, పెద్దయితే అదే పోతుంది.’ చెప్పేవాళ్లది మంచి మనసే. మాట మాత్రం సగమే నిజం, ఆ సగం నిజానికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలు.

పసితనపు ఎగ్జిమా అనే ఈ చర్మవ్యాధి చాలామందికి తగ్గుతుంది, కాదనను. జర్మనీలో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనించి 2004లో వెలువరించిన అధ్యయనం చూడండి. రెండేళ్లలోపు ఎగ్జిమా వచ్చినవారిలో 43 శాతం మందికి మూడేళ్లకల్లా పూర్తిగా పోయింది. 38 శాతం మందికి వస్తూ పోతూ ఉంది. తక్కిన 19 శాతం మందిని ఏడేళ్ల దాకా ఏటా పీడించింది. సగానికి పైగా పిల్లలకు తగ్గీ తగ్గని జబ్బును ‘అదే పోతుంది’ అని ఎలా అంటాం?

పైకి తగ్గినా చర్మం స్వభావం మారదు. చర్మాన్ని బిగువుగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఈ జబ్బుకు పెద్ద కారణమని 2006లో తేలింది. సందులు పూడ్చని నాపరాళ్ల గచ్చులా ఆ చర్మంలోంచి తేమ పోతుంది, చికాకు పెట్టేవన్నీ లోపలికి దిగుతాయి. పసిబిడ్డకు బుగ్గల మీద కనిపించింది బడి వయసులో మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, పెద్దయ్యాక చేతుల మీద కనిపించవచ్చు.

ఎలాగూ పోతుందన్న ధీమాతో వైద్యం వాయిదా పడుతుంది. మళ్లీ వచ్చినప్పుడు నింద తిండి మీద పడుతుంది: గుడ్డు, పాలు, వంకాయ ఒక్కొక్కటే మాన్పిస్తారు, బాలింతకూ పథ్యం పెడతారు. తర్వాత ఆయాసం మొదలైతే ‘ఆయింట్‌మెంటు జబ్బును లోపలికి తోసింది’ అంటారు. ఎగ్జిమాకూ ఉబ్బసానికీ వేరు ఒకటే, అందుకే రెండూ ఒకే బిడ్డలో కనిపిస్తాయి. ఇందులో పూతమందు తప్పేమీ లేదు. అలాగని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్ కలిసిన మిశ్రమం ట్యూబు కూడా జవాబు కాదు. స్టెరాయిడ్ పూతమందులు పలు రకాలను 2018లో కేంద్రం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది ఊరికే కాదు.

ఈ ఊరికి ఇంకో సంగతి ముఖ్యం. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవారికి తడిలో పనిచేస్తే చేతుల ఎగ్జిమా వచ్చే ముప్పు ఎక్కువ. ఇక్కడి నాపరాళ్ల పాలిష్ పనిలో రోజంతా చేతులు నీళ్లలో, రాతిపొడి బురదలో నానుతాయి. సిమెంటు పని అంతకన్నా కఠినం. ‘పోయింది’ అనుకుని మరిచిన కుర్రాడు పద్దెనిమిదేళ్లకు పగిలిన వేళ్లతో కూలి పోగొట్టుకుంటే, ఆ చర్మం సంగతి అతనికి ముందే ఎవరూ చెప్పకపోవడమే నేరం.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం, గరుకు నలుగు మానడం, ఒళ్లు తడి ఆరకముందే వాసలిన్ లాంటిది దండిగా పూయడం, ఎర్రబడినప్పుడు డాక్టరు చెప్పిన పూతమందు చెప్పినన్నాళ్లు వాడటం. పరీక్ష లేకుండా తిండి మాన్పించొద్దు. డాక్టర్లూ, ఆశా కార్యకర్తలూ తల్లికి మొదటి రోజే చెప్పాలి: తగ్గవచ్చు, తిరిగి రావచ్చు, వచ్చినా అదుపులో ఉంచవచ్చు. తల్లికి ధైర్యమిచ్చేది ఈ పూర్తి నిజమే.